పెట్రోలా, సీఎన్‌జీనా, హైబ్రిడా, ఈవీనా? నెల ఖర్చు లెక్కతో తేల్చుకుందాం

కారు కొందామని మొదలుపెట్టిన ఇంట్లో ఇప్పుడు కనీసం మూడు అభిప్రాయాలు ఉంటాయి. నాన్నకి పెట్రోలు కారంటే నమ్మకం. కొడుకు ఈవీ (ఎలక్ట్రిక్ కారు) తప్ప ఇంకోటి వద్దంటాడు. బావమరిది వచ్చి "రెండూ కాదు, హైబ్రిడ్ తీసుకోండి, ఏ టెన్షనూ ఉండదు" అంటాడు. ముగ్గురూ చెప్పేది నిజమే కావచ్చు, కాకపోతే ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు మాట్లాడుతున్నారు. షోరూంలో సేల్స్ కుర్రాడి దగ్గరికి వెళ్తే, ఆ నెలలో ఏ బండి మీద ఇన్సెంటివ్ ఎక్కువుంటే అదే మంచిదని తేలుతుంది.

ఈ వ్యాసం 8 లక్షల నుంచి 20 లక్షల మధ్యలో, చాలావరకు లోన్ మీద, ఇంటికి ఒకే కారు కొనేవాళ్ల కోసం. ఇంతకన్నా పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్లు నచ్చిన రంగు చూసి కొనుక్కోవచ్చు, లెక్కలతో పనిలేదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

మైలేజీ, బ్యాటరీ, టార్క్ లాంటివన్నీ తర్వాత. ముందు రెండు విషయాలు తేలాలి.

ఒకటి, మీ కారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? చాలామంది దీన్ని ఎక్కువగా ఊహించుకుంటారు. ఇప్పుడు కారుంటే పాత సర్వీస్ బిల్లులు రెండు తీసి, వాటి మీదున్న ఓడోమీటర్ రీడింగులు తీసివేసి, మధ్యలో గడిచిన నెలలతో భాగించండి. కారు లేకపోతే ఆఫీసుకు రానుపోను దూరాన్ని కారులో వెళ్లే రోజులతో గుణించి, ఊరి ప్రయాణాలు కలపండి. ఆఫీసుకు మెట్రోలో వెళ్లి ఆదివారం మాత్రమే కారు తీసేవాళ్లకు నెలకు 300 కిలోమీటర్లు దాటడం కష్టం.

రెండోది, రాత్రి కారు ఎక్కడ ఆగుతుంది? సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్, పక్కనే మీటరు ఉంటే ఒక కథ. అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే ఇంకో కథ. వీధిలో వేపచెట్టు కింద అయితే పూర్తిగా వేరే కథ. ఈవీ మీకు సరిపోతుందా లేదా అన్నది ఈ ఒక్క జవాబుతో సగం తేలిపోతుంది.

వీటి తర్వాత చూడాల్సింది ఆన్‌రోడ్ ధర. బ్రోచర్ మీద పెద్ద అక్షరాలతో ఉండే ఎక్స్‌షోరూం ధర కాదు, లైఫ్ ట్యాక్స్, బీమా, రిజిస్ట్రేషన్ కలిపాక మీ జేబులోంచి పోయే మొత్తం. ఆ తర్వాత కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారు, ఏడాదిలో ఎన్నిసార్లు 300 కిలోమీటర్లకు మించి వెళ్తారు అన్నవి.

## పన్నులు ఎవరిని ఎటు తోస్తున్నాయి

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు, సీఎన్‌జీ కార్లకు 18 శాతం. అంతకు మించిన వాటికి 40 శాతం. ఈవీకి ముందు నుంచీ ఉన్న 5 శాతమే. దీని ప్రభావం చాలామంది గమనించలేదు. చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను ఒక్కసారి 18కి దిగింది, ఈవీకి మాత్రం దిగడానికి ఏమీ లేదు. అంటే చిన్న కార్ల విభాగంలో పెట్రోలుకూ ఈవీకీ మధ్య ధరల తేడా తగ్గకపోగా పెరిగింది. హైబ్రిడ్‌కు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు ఉన్న కారుకు) ప్రత్యేక రాయితీ ఏమీ లేదు. మన దగ్గర దొరికే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లన్నీ నాలుగు మీటర్లు దాటినవే కాబట్టి 40 శాతంలోనే పడతాయి.

రాష్ట్రం వేసే లైఫ్ ట్యాక్స్ దగ్గర లెక్క తారుమారవుతుంది. తెలంగాణలో 10 లక్షల నుంచి 20 లక్షల మధ్య కారుకు 17 శాతం అనుకుని లెక్కేద్దాం. 14 లక్షల కారు మీద అది 2 లక్షల 38 వేలు. 2024 నవంబర్‌లో తెచ్చిన విధానం ప్రకారం ఈవీలకు 2026 డిసెంబర్ 31 వరకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. హైబ్రిడ్ కొన్నవాళ్లు మాత్రం పూర్తి పన్ను కట్టాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌కు 2024-29 కాలానికి వేరే ఈవీ విధానం ఉంది. అక్కడ కొనేవాళ్లు డీలర్ నోటిమాట కాకుండా, రాతపూర్వక కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్ గడిలో ఎంత వేశారో చూసి, అదే అంకెను ఆర్టీఓ ఆఫీసులో ఒకసారి అడిగి సరిచూసుకోండి.

"కేంద్రం సబ్సిడీ కూడా వస్తుందట కదా" అని ఇంకా అడిగేవాళ్లున్నారు. సొంత వాడకానికి కొనే ఎలక్ట్రిక్ కారుకు కేంద్రం నేరుగా ఇచ్చే సబ్సిడీ లేదు. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ప్రైవేటు కార్లు లేవు. ఈవీ లోన్ వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చిన 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే వర్తిస్తుంది. ఇప్పటికీ ఆ మాట చెప్పి అమ్మేవాళ్లుంటే, వాళ్లు చెప్పే మిగతా మాటల్ని కూడా కాస్త అనుమానంగానే వినండి.

## అసలు లెక్క: కిస్తీ తేడా + ఇంధనం

"ఈవీ ఎన్నేళ్లలో పెట్టుబడి రాబడుతుంది" అన్న ప్రశ్న కన్నా, జీతం మీద బతికేవాళ్లకు ఇంకో లెక్క బాగా పనికొస్తుంది. డౌన్‌పేమెంట్ ఏ కారుకైనా ఒకటే అనుకుందాం. అదనపు ధరంతా లోన్‌లోకి వెళ్తుంది. 9 శాతం వడ్డీ, అయిదేళ్ల లోన్ అయితే ప్రతి లక్షకూ నెల కిస్తీ దాదాపు 2,076 రూపాయలు. ఆ అదనపు కిస్తీకి నెల ఇంధన ఖర్చు కలిపితే వచ్చే అంకె ఏ కారుకు తక్కువైతే ఆ కారు మీకు చవక.

ఉదాహరణకు 10.5 లక్షల ఎక్స్‌షోరూం ధర ఉన్న మాన్యువల్ పెట్రోలు కాంపాక్ట్ ఎస్‌యూవీ తీసుకుందాం. 17 శాతం పన్నుతో 12.3 లక్షలు అవుతుంది. అదే కారు సీఎన్‌జీలో 95 వేలు ఎక్కువ. అదే సైజు ఈవీ 14 లక్షలు. పెట్రోలు లీటరు 107.50 రూపాయలు, ట్రాఫిక్‌లో నిజంగా వచ్చే మైలేజీ 15. సీఎన్‌జీ కిలో 95 రూపాయలు, కిలోకు 20 కిలోమీటర్లు. ఈవీకి వెయ్యి కిలోమీటర్లకు గోడ సాకెట్ దగ్గర కొలిస్తే 150 యూనిట్ల కరెంటు, ఇంట్లో దాని ధర లెక్క తర్వాతి భాగంలో ఉంది. ఇవన్నీ ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు, మీ కొటేషన్ ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

| ఎంపిక | అదనపు కిస్తీ | నెలకు 500 కి.మీ. | నెలకు 1,000 కి.మీ. | నెలకు 1,500 కి.మీ. |
|---|---|---|---|---|
| పెట్రోలు | 0 | 3,580 | 7,170 | 10,750 |
| సీఎన్‌జీ | 2,300 | 4,680 | 7,050 | 9,430 |
| ఈవీ, ఇంటి చార్జింగ్, పన్ను మాఫీ | 3,560 | 4,170 | 4,850 | 5,560 |
| ఈవీ, ఇంటి చార్జింగ్, పూర్తి పన్ను | 8,500 | 9,110 | 9,790 | 10,500 |
| ఈవీ, బయట చార్జింగ్ మాత్రమే, పన్ను మాఫీ | 3,560 | 5,210 | 6,860 | 8,510 |

(కిస్తీ తేడా, ఇంధనం కలిపిన మొత్తాలు రూపాయల్లో. బీమా కలపలేదు. ఈవీకి సొంత నష్టం బీమా కాస్త ఎక్కువ, సర్వీసు ఖర్చు తక్కువ. రెండూ చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి.)

పట్టిక మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించేది నాలుగో వరస. పన్ను మాఫీ లేకపోతే ఈవీ పెట్రోలుతో సమానం కావడానికి నెలకు దాదాపు 1,450 కిలోమీటర్లు తిరగాలి. మాఫీ ఉంటే 600 కిలోమీటర్లకే సమానమవుతుంది. కారు టెక్నాలజీ ఒకటే, బ్యాటరీ ఒకటే, మధ్యలో ఉన్నది ఒక జీవో. కాబట్టి పక్క రాష్ట్రంలో స్నేహితుడికి లాభమైందని మీకూ అవుతుందని అనుకోకండి. హైదరాబాద్ అడ్రస్ మీద రిజిస్టర్ చేయించి విజయవాడలో తిప్పుదామన్న ఆలోచన కూడా వద్దు. వేరే రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అప్పుడు ఆ రాష్ట్రం పన్ను ప్రశ్న మళ్లీ నెత్తిన పడుతుంది.

## ఈవీ: కరెంటు బిల్లులో దాగిన మెలిక

"కిలోమీటరుకు రూపాయే" అని ప్రకటనల్లో చూస్తుంటాం. యూనిట్ ఎంతని వేశారో అడిగితే సమాధానం ఉండదు. మన ఇళ్ల కరెంటుకు శ్లాబులు ఉంటాయి. కారు తాగే కరెంటు మీ సగటు ధరకు కాదు, పై శ్లాబు ధరకు వస్తుంది.

తెలంగాణలో ఇంటికి నెలకు 250 యూనిట్లు వాడుతున్నారనుకోండి. కారు 150 యూనిట్లు కలిపితే 400. కొత్తగా కలిసిన వాటిలో మొదటి 50 యూనిట్లు 7.70 చొప్పున, మిగతా 100 యూనిట్లు 9 రూపాయల చొప్పున పడతాయి. మొత్తం 1,285 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 226 నుంచి 400 యూనిట్ల శ్లాబు 8.75 కాబట్టి అక్కడా దాదాపు 1,310. అంటే కిలోమీటరుకు రూపాయీ ముప్పై పైసల దగ్గర, ఇతర చార్జీలు కలిస్తే ఇంకొంచెం. పెట్రోలుతో పోలిస్తే ఇది ఇప్పటికీ చాలా తక్కువే. కానీ 180 యూనిట్లతో సర్దుకునే ఇల్లయితే, కారు వచ్చాక తెలంగాణలో 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికైతే ఆ సున్నా పోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఈవీ చార్జింగ్‌కు వేరే మీటరు తీసుకుంటే వేరే టారిఫ్ వర్తిస్తుంది, శ్లాబుల గొడవ ఉండదు. రెండోది డాబా మీద సోలార్. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల ప్లాంటుకు 78 వేల వరకు సబ్సిడీ ఉంది. మన ఎండకు అది నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తుంది. సొంత డాబా ఉండి, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకు సోలార్, ఈవీ జంట చాలా బాగా కుదురుతుంది. కానీ ఆ ప్లాంటు ఖర్చును "కారు ఉచితంగా తిరుగుతోంది" అన్న ఆనందంలో మరిచిపోకూడదు.

ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవడం పెద్ద విద్య కాదు గానీ, ఏసీ కోసం వేసిన పాత 15 ఆంపియర్ సాకెట్‌కే ప్లగ్ పెట్టేద్దామనుకోవద్దు. ఏసీ మధ్యమధ్యలో ఆగుతుంది. కారు ఎనిమిది, పది గంటలు ఆగకుండా లాగుతుంది. వదులైన సాకెట్ అయితే ప్లాస్టిక్ వేడెక్కి రంగు మారుతుంది, తర్వాత కరుగుతుంది. మీటరు బోర్డు నుంచి నేరుగా ఒక ప్రత్యేక లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే ఆగిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్ వేయించండి. ఎర్తింగ్ బాగాలేకపోతే చాలా చార్జర్లు ఎర్ర లైటు చూపించి అసలు మొదలే కావు. పాత ఇళ్లలో ఎలక్ట్రీషియన్‌కు ఎక్కువ పని పడేది అక్కడే. 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే చార్జర్) కావాలంటే కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు దరఖాస్తు చేసి లోడు పెంచుకోవాలి. రోజుకు 40, 50 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది అక్కర్లేదు, కారుతో వచ్చే 3.3 కిలోవాట్ల చార్జర్ చాలు.

అపార్ట్‌మెంట్‌లో అసలు సమస్య వైరు కాదు, అసోసియేషన్. కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల ప్రకారం ఇంటి యజమాని తన కనెక్షన్ నుంచే చార్జింగ్ చేసుకోవచ్చు. అయినా సెల్లార్‌లో మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా పైపు లాగాలంటే నలుగురి గోడల మీదుగా వెళ్లాలి. బుకింగ్ అమౌంట్ కట్టక ముందే అసోసియేషన్ నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోండి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నా, రెండేళ్లకు ఇల్లు మారినప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంటి దగ్గర ప్లగ్ లేకపోతే నా మాట సూటిగా చెప్తాను: ఈవీ కొనకండి. పట్టికలో బయట చార్జింగ్ వరస ఇంకా పెట్రోలు కన్నా తక్కువే చూపిస్తోంది కదా అనిపించవచ్చు. ఆ వరసలో మీ సమయం లేదు. వారానికి రెండుసార్లు ముప్పావు గంట చార్జర్ దగ్గర కూర్చోవడం మొదటి నెల సరదాగా ఉంటుంది.

దూర ప్రయాణాల సంగతి. కంపెనీ చెప్పే రేంజికీ రోడ్డు మీద వచ్చేదానికీ తేడా చాలా ఉంటుంది. 45 కిలోవాట్ అవర్ (అంటే 45 యూనిట్ల) బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ ఈవీకి పరీక్షలో వచ్చింది 489 కిలోమీటర్లు. టాటా వాళ్లే నిజ జీవితంలో 350 నుంచి 370 వస్తుందని వేరేగా చెప్తారు. హైవే మీద వందలో ఏసీతో పరిగెత్తిస్తే అంతకన్నా తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. ఇలాంటి కారు ఒకే చార్జింగ్‌తో చేరుకోగలదు కానీ చివర్లో గుండె దడ. సూర్యాపేటలో టీ తాగేటప్పుడు ఇరవై నిమిషాలు పెట్టుకుంటే హాయి. అదే 25 కిలోవాట్ అవర్ బ్యాటరీ కారైతే ఆగడం తప్పనిసరి, ఒక్కోసారి రెండుసార్లు. సంక్రాంతి ముందురోజు పంతంగి టోల్ దగ్గర మైళ్ల కొద్దీ ఆగిపోయిన ట్రాఫిక్ ఈవీని పెద్దగా ఇబ్బంది పెట్టదు, ఆగి ఉన్నప్పుడు ఏసీకి తప్ప కరెంటు పోదు. ఇబ్బంది చార్జర్ దగ్గరి క్యూ. మీ ముందు మూడు కార్లుంటే రెండు గంటలు పోయినట్టే. ఏడాదికి రెండు మూడుసార్లు పడే ఈ బాధ కోసం మిగతా రోజుల లాభం వదులుకోవాలా అన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. నేనైతే వదులుకోను.

బ్యాటరీ భయం మాత్రం అనవసరంగా పెరిగిపోయింది. ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇప్పుడు మామూలైపోయింది. కొన్ని మోడళ్లకు మొదటి ఓనరుకు జీవితకాల వారంటీ కూడా ఇస్తున్నారు. ఆ "మొదటి ఓనరు" అన్న మాటను రెండుసార్లు చదవండి. మీరు అమ్మేటప్పుడు కొనేవాడికి ఆ హామీ వెళ్లదు, ధర అక్కడే కోసుకుపోతుంది. అయిదేళ్లలోపు కారు మార్చే అలవాటున్నవాళ్లు ఈవీ లెక్కలోంచి ఒక లక్ష, లక్షన్నర ముందే తీసేసుకుని చూడండి.

బ్యాటరీ అద్దె పద్ధతి సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. 2024 సెప్టెంబర్‌లో ఎంజీ విండ్సర్ వచ్చినప్పుడు కారు 9.99 లక్షలు, బ్యాటరీ అద్దె కిలోమీటరుకు 3.50 రూపాయలు అన్నారు. బ్యాటరీతో కలిపి కొంటే 13.50 లక్షలు. వెయ్యి కిలోమీటర్లకు అద్దె 3,500, కరెంటు 1,300, మొత్తం 4,800. చూడటానికి ధర తగ్గినట్టుంటుంది కానీ ఇది పేరు మార్చుకున్న ఇంకో లోనే. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందా, మధ్యలో కారు అమ్మితే ఏం చేయాలి, ఈ రెండూ ఒప్పందంలో చదవకుండా సంతకం పెట్టొద్దు.

## స్ట్రాంగ్ హైబ్రిడ్: మంచి కారే, చవక కారు కాదు

ముందు ఒక తికమక తీర్చాలి. "హైబ్రిడ్" అని స్టిక్కరున్న ప్రతి కారూ ఒకటి కాదు. మైల్డ్ హైబ్రిడ్, స్మార్ట్ హైబ్రిడ్ అని అమ్మేవాటిలో చిన్న మోటారు ఇంజిన్‌కు కాస్త చేయూతనిస్తుంది, అంతే. కారు కరెంటు మీద సొంతంగా నడవదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలేటప్పుడు ఇంజిన్ ఆపేసి మోటారు మీదే పోతుంది, బ్రేకు వేసినప్పుడు బ్యాటరీ నింపుకుంటుంది. ప్లగ్ అక్కర్లేదు. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, హోండా సిటీ ఈ:హెచ్‌ఈవీ, కాస్త పైన ఇన్నోవా హైక్రాస్ ఈ కోవలోవి. గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు లీటరుకు 27.97 అని సర్టిఫికెట్ మైలేజీ. ఊళ్లో నిజంగా 22 వస్తుందనుకుని లెక్కేస్తే మోసపోరు.

మొదటి అడ్డంకి ధర. స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎక్స్‌షోరూంలోనే 16 లక్షలు దాటాక మొదలవుతుంది, దాని మీద లైఫ్ ట్యాక్స్ అదనం. 12 లక్షల బడ్జెట్‌తో బయల్దేరినవాళ్లు దీన్ని చూడటమే అనవసరం. దేంతో పోల్చాలన్నది రెండో సంగతి. అదే కారు బేస్ మాన్యువల్ పెట్రోలుతో పోలిస్తే హైబ్రిడ్‌కు పెట్టిన డబ్బు ఎప్పటికీ రాదు. కానీ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు ఆటోమేటిక్‌గానే వస్తాయి, బేస్ వేరియంట్‌లో రావు. కాబట్టి అదే స్థాయి ఆటోమేటిక్ పెట్రోలుతో పోల్చడమే న్యాయం. తేడా 2 లక్షలు, పన్నుతో 2.34 లక్షలు అనుకుందాం. అదనపు కిస్తీ 4,860. ఆటోమేటిక్ పెట్రోలు ట్రాఫిక్‌లో 13 ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు 8,270 రూపాయలు, హైబ్రిడ్‌కు 4,890. మిగిలేది 3,380. కిస్తీ తేడాకు అది సరిపోదు. నెలకు 1,450 కిలోమీటర్లు దాటితే మొదటి నెల నుంచే సమానం.

అంటే హైబ్రిడ్ ఎవరికి? ఎలాగూ 16, 18 లక్షల ఆటోమేటిక్ కొనబోతున్నవాళ్లకు, ఊళ్లో బాగా తిరిగేవాళ్లకు, ఇంటి దగ్గర ప్లగ్ పెట్టుకునే వీలు లేనివాళ్లకు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా రోజూ ఆగుతూ పాకుతూ వెళ్లేవాళ్లకు హైబ్రిడ్ అద్భుతంగా పనిచేస్తుంది, పెట్రోలు కారు ఎక్కడ ఎక్కువ తాగుతుందో ఇది అక్కడే తక్కువ తాగుతుంది. ఎప్పుడూ హైవే మీదే పరిగెత్తేవాళ్లకు ఈ సుగుణం పెద్దగా అక్కరకు రాదు. ఒక చిన్న హెచ్చరిక: బ్యాటరీ పెట్టడం వల్ల కొన్ని మోడళ్లలో డిక్కీ చిన్నదైపోతుంది. పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి షోరూంలోనే పెట్టి చూడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

## సీఎన్‌జీ, పెట్రోలు

సీఎన్‌జీ గురించి ఎక్కువ చెప్పను. మీరు రోజూ వెళ్లే దారిలో బంకు ఉండి, అక్కడ క్యూ పది నిమిషాలు దాటకపోతే, నెలకు వెయ్యి కిలోమీటర్లకు పైగా తిరిగితే మంచి ఎంపిక. బడ్జెట్ 10 లక్షలు దాటకూడదనుకునే ఫీల్డు ఉద్యోగులకు, ప్లగ్ దొరకని అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇదే సరైన మధ్యేమార్గం. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేయించాలి. డిక్కీ పోతుందన్న బాధ ఇప్పుడు కాస్త తగ్గింది, ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి కింద పెట్టి స్థలం మిగిల్చిన మోడళ్లు వచ్చాయి. శ్రీశైలం ఘాట్ వైపు గ్యాసు బంకు కోసం వెతుక్కోకండి, పెట్రోలు ట్యాంకు నింపుకుని వెళ్లండి.

చిన్న పెట్రోలు కారును ఈ రోజుల్లో ఎవరూ గొప్పగా చెప్పరు. కానీ నెలకు 500 కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు పట్టికలో అన్నిటికన్నా తక్కువ అంకె దానిదే. జీఎస్టీ తగ్గాక ఇంకా తగ్గింది. ఈ20 పెట్రోలుతో (20 శాతం ఇథనాల్ కలిపినది) మైలేజీ కొంచెం పడిపోయిందన్న ఫిర్యాదు నిజమే, ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి. అయినా తక్కువ తిరిగేవాళ్ల లెక్క దాంతో మారదు.

## మీరు ఏ కోవలో ఉన్నారు?

| మీ పరిస్థితి | ముందు చూడాల్సింది | వద్దనుకోవాల్సింది |
|---|---|---|
| సొంత ఇల్లు, రోజుకు 40 కి.మీ., ఇంట్లో ఇంకో బండి ఉంది | చిన్న ఈవీ | హైబ్రిడ్ |
| సొంత ఇల్లు, ఒకే కారు, నెలకు 1,200 కి.మీ. | 40 కిలోవాట్ అవర్‌కు పైబడిన ఈవీ | చిన్న బ్యాటరీ ఈవీ |
| అద్దె అపార్ట్‌మెంట్, నెలకు 1,000 కి.మీ. | సీఎన్‌జీ | ఈవీ |
| నగరంలో రోజూ ట్రాఫిక్, 18 లక్షల బడ్జెట్, ప్లగ్ లేదు | స్ట్రాంగ్ హైబ్రిడ్ | టర్బో ఆటోమేటిక్ పెట్రోలు |
| చిన్న పట్టణం, నెలకు 400 కి.మీ. | చిన్న పెట్రోలు | మిగతావన్నీ |

పట్టికలో ఇమడని మనుషులు ఇద్దరున్నారు. ఒకరు, ఊళ్లో అమ్మానాన్నలకు కారు కొనిపెట్టాలనుకునే అమెరికా పిల్లలు. అక్కడ టెస్లా నడుపుతూ "ఇక్కడా ఈవీయే కొనండి" అని ఫోన్లో చెప్తుంటారు. ఆ దేశం లెక్క వేరు. అక్కడ కూడా కొత్త ఈవీకి ఇచ్చిన 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. గుడికీ ఆసుపత్రికీ పెళ్లిళ్లకీ నెలకు 200 కిలోమీటర్లు తిరిగే పెద్దవాళ్లకు కావాల్సింది దగ్గరలో సర్వీస్ సెంటర్, ఎక్కి దిగడానికి వీలైన సీటు, ఒక ఆటోమేటిక్ గేరు. ఇంధనం వాళ్ల సమస్యే కాదు.

రెండోవాళ్లు రోజుకు 20 కిలోమీటర్ల ఆఫీసు కోసం ఈవీ కారు చూస్తున్నవాళ్లు, ఇంట్లో నడుస్తున్న పాత కారు ఉన్నవాళ్లు. వీళ్లకు కొత్త కారు అవసరమా అని నాకు అనుమానం. ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కుని, పాత కారును వానకీ ఊరికీ ఉంచుకుంటే 12 లక్షల అప్పు తప్పుతుంది.

సెకండ్‌హ్యాండ్ ఈవీ కొనే ఆలోచన ఉంటే, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించండి, ఎనిమిదేళ్ల వారంటీలో ఇంకా ఎన్నేళ్లు మిగిలిందో, అది రెండో ఓనరుకు బదిలీ అవుతుందో కాగితం మీద అడగండి. కొత్త ఈవీ మీద మొదటి ఓనరు పోగొట్టుకున్న ధర మీకు లాభంగా వస్తుంది. మూడేళ్ల పాత కారు, వారంటీ అయిదేళ్లు మిగిలి ఉంటే, ఇంటి దగ్గర ప్లగ్ ఉన్న సామాన్యుడికి ఈ మొత్తం వ్యాసంలో అన్నిటికన్నా చవకైన ఎంపిక అదే కావచ్చు.

తెలంగాణలో కొత్త ఈవీ తీసుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లు ఒక్క తేదీ గుర్తుపెట్టుకోండి. పన్ను మాఫీ 2026 డిసెంబర్ 31 లోపు రిజిస్టరైన బండికి, బుక్ చేసిన బండికి కాదు. కొన్ని మోడళ్లకు డెలివరీ నెలల తరబడి పడుతుంది. బుకింగ్ రసీదు మీద డెలివరీ తేదీ రాయించుకుని, ఆలస్యమై మాఫీ పోతే అడ్వాన్సు పూర్తిగా వెనక్కిస్తామని కూడా అక్కడే రాయించుకోండి.